లూగర్ వెంట వచ్చిన కాగితం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపా నుంచి ఇంటిముఖం పట్టిన అమెరికన్ సైనికుల సంచుల్లో జెండాలు, హెల్మెట్లు, బాకులు, పతకాలు ఎన్నో ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువ మోజు మాత్రం జర్మన్ లూగర్ పిస్తోలు మీదే. సైనికుడి చేతి మీదుగా ఇల్లు చేరిన ఇలాంటి ఆయుధాన్ని అక్కడి సేకర్తలు ‘బ్రింగ్‌బ్యాక్’ అంటారు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు లూగర్లలో ఒకటి మామూలు ధరకు పోతే, రెండోది అంతకు ఎంతో ఎక్కువ పలుకుతుంది. తేడా ఉక్కులో ఉండదు. దానిమీద కొట్టిన అంకెల్లోనూ, దాని వెంట వచ్చిన కాగితంలోనూ ఉంటుంది.

హ్యూగో బోర్హార్ట్ 1893లో రూపొందించిన భారీ పిస్తోలును గియోర్గ్ లూగర్ అనే ఆస్ట్రియన్ కుదించి, పిడిని వాల్చి, చేతికి ఇమిడేలా మలిచాడు. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం దాన్ని తీసుకున్నాయి. సైన్యం దానికి పెట్టిన పీ08 అన్న పేరులోని అంకె ఆ చివరి ఏడాదిదే. పేలగానే గొట్టం కాస్త వెనక్కి జరుగుతుంది. పైనున్న రెండు గుండ్రటి బుడిపెలు చట్రం వాలుకు తగులుతాయి. దాంతో కీలు మోకాలు ముడిచినట్టు పైకి లేచి, ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. పిడిలోని స్ప్రింగు దాన్ని మళ్లీ చాపుతుంది. ముచ్చటైన ఏర్పాటే గాని బురదకు, ఇసుకకు ఓర్చేది కాదు, తయారీ ఖర్చూ ఎక్కువే. అందుకే జర్మన్ సైన్యం 1938లో వాల్టర్ పీ38 వైపు మళ్లింది. లూగర్ కోసం పుట్టిన 9 మిల్లీమీటర్ల తూటా మాత్రం నేటికీ ప్రపంచమంతటా పోలీసుల, సైన్యాల చేతుల్లో ఉంది.

సేకర్త భూతద్దం పట్టుకుని చూసేది అంకెలనే. సీరియల్ నంబరు చట్రం మీద, గొట్టం మీద పూర్తిగా ఉంటుంది. ట్రిగ్గరు, పక్క పలక, కీలు ముక్కలు వంటి చిన్న భాగాల మీద చివరి రెండంకెలు ఉంటాయి. ఒక్కో భాగాన్నీ పనివాళ్లు ఆ పిస్తోలుకే సరిపడేలా చేత్తో కుదిర్చేవారు గనుక ఈ అంకెలు అవసరమయ్యాయి. నాలుగైదు పిస్తోళ్లను ఒకేసారి విప్పి శుభ్రం చేస్తే భాగాలు తారుమారయ్యేవి. అందుకే అన్ని అంకెలూ కలిసిన లూగర్‌కు అంత గిరాకీ. మ్యాగజైన్ కూడా కలవడం మరీ అరుదు. పిస్తోలుతో ఇచ్చిన రెండు మ్యాగజైన్లకూ అదే నంబరు వేసి, రెండోదాని మీద కూడిక గుర్తు కొట్టేవారు. ఆ రెండూ ఇప్పటికీ జంటగా ఉన్నాయంటే సేకర్తకు పండగే.

తయారీదారు పేరునూ సంకేతాల్లో దాచారు. వెర్సాయ్ ఒప్పందం ఆంక్షలను దాటుకుంటూ జర్మనీ ఆయుధాలు పెంచుకుంటున్న రోజులవి. మౌజర్ కర్మాగారానికి ‘ఎస్/42’ అని, 1934కు ‘కె’ అని, 1935కు ‘జి’ అని ముద్ర వేశారు. రంగు కూడా సాక్ష్యమే. 1937కు ముందు చేసిన మౌజర్ లూగర్లలో ట్రిగ్గరు వంటి చిన్న భాగాలు ఎండుగడ్డి రంగులో మెరుస్తాయి. తాత పిస్తోలు మాసిపోయిందని మనవడు ముచ్చటపడి మెరుగు పెట్టించాడా, దాని విలువ అక్కడే సగం చచ్చినట్టు.

ఇక కాగితం. యుద్ధ చిహ్నాలను ఇంటికి తీసుకెళ్లడానికి అమెరికన్ సైన్యం అనుమతించింది గాని, పై అధికారి సంతకంతో ధ్రువపత్రం ఉండాలంది. సైనికుడి పేరు, దళం, వస్తువు వివరం టైపు చేసిన ఒక్క పుట అది. ఓడ దగ్గర తనిఖీ దాటడానికే పనికొచ్చేది కాబట్టి చాలామంది ఊరు చేరగానే పారేశారు. మిగిలినవాటిలోనూ కొన్నిటి మీద ‘ఒక పిస్తోలు’ అనే ఉంటుంది, నంబరు ఉండదు. అలాంటి కాగితాన్ని ఏ పిస్తోలు పక్కనైనా పెట్టొచ్చు. పాత కాగితం, పాత టైపురైటరు ఉంటే చాలు, దొంగ ధ్రువపత్రం తయారు.

పసిఫిక్ నుంచి వచ్చినవాళ్లు జపాన్ నంబు పిస్తోళ్లు తెచ్చారు. 14వ రకం నంబు మీద ‘19.5’ అని ఉంటే షోవా చక్రవర్తి పాలనలో 19వ ఏడు, అయిదో నెల, అంటే 1944 మే. తిరిగొచ్చిన ఒక సైనికుడి దగ్గర అమెరికన్ తుపాకుల రూపకర్త విలియం రూగర్ 1945లో నంబు కొని, దాని పనితీరును పరిశీలించాడు. 1949లో ఆయన సంస్థ విడుదల చేసిన తొలి పిస్తోలులో ఆ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి.

జర్మన్ పిస్తోలు కనబడగానే సైనికుడు తెచ్చిందే అనుకోవడం పొరపాటు. సోవియట్ సేనలు పట్టుకున్న లూగర్లను, పీ38లను గోదాముల్లో విప్పి, కలగాపులగంగా బిగించి, కొత్త రంగు వేశారు. అవి దశాబ్దాల తర్వాత అమెరికా మార్కెట్‌కు వచ్చాయి. అక్కడి 1968 తుపాకుల చట్టం తర్వాత దిగుమతైన ఆయుధాల మీద దిగుమతిదారు ముద్ర ఉండాలి. అయితే ముద్ర లేనంత మాత్రాన సైనికుడు తెచ్చిందని తేలదు, ఎందుకంటే అంతకుముందు వ్యాపారులు తెప్పించినవాటికీ ఆ ముద్ర లేదు. ‘పిస్తోలు కొను, కథ కొనకు’ అని సేకర్తలు ఊరికే అనరు.

కథ అబద్ధమాడే వీలు సామాన్య సైనికుల దగ్గరే ఉంటుందనుకోనక్కర్లేదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోతూ పాకిస్తాన్ సేనాని జనరల్ నియాజీ భారత సేనకు ఒక రివాల్వరు అప్పగించాడు. దాన్ని పరిశీలించిన భారత మేజర్ జనరల్ జేకబ్ అది నియాజీ సొంతది కాదనుకున్నారు. గొట్టం నిండా మురికి, పిడికి కట్టే తాడు చిరుగులు పట్టి ఉంది. అది మామూలు సైనికులకిచ్చే .38 రకం.

చట్టాలు దేశానికో తీరు. స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 1996లో జరిగిన కాల్పుల తర్వాత బ్రిటన్ 1997లో చేతి తుపాకులను నిషేధించింది. 1946 జనవరి 1కి ముందు యుద్ధ చిహ్నంగా చేతికొచ్చినవాటికి మాత్రం లైసెన్సు మీద మినహాయింపు ఉంచింది. అమెరికాలో యాభై ఏళ్లు దాటిన ఆయుధాలు సేకరణ వస్తువుల కోవలోకి వస్తాయి. మరతుపాకుల సంగతి వేరు. నమోదు లేనివాటిని నమోదు చేసుకోవడానికి 1968 చివర్లో నెల రోజుల గడువిచ్చారు. ఆ తర్వాత అటక మీద దొరికినవాటిని వారసులు తమ పేర రాయించుకోలేరు.

చాలా లూగర్లు ఇప్పుడు అలా అటకల మీంచే దిగుతున్నాయి. తోలు వర మూత లోపల చిన్న జేబు, అందులో పిస్తోలు విప్పడానికి, మ్యాగజైన్ నింపడానికి పనికొచ్చే చిన్న పనిముట్టు ఉండాలి. దాని మీదా ముద్ర ఉంటుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది గనుక ఏళ్ల తరబడి వరలోనే ఉన్న పిస్తోలుకు తోలు తగిలిన చోట తుప్పు పడుతుంది. తెలిసినవాళ్లు పిస్తోలుకు పల్చగా నూనె రాసి, వరను వేరుగా, కాగితాన్ని ఇంకా వేరుగా దాస్తారు.