మూగబోయిన జన్యువు: పీయూష గ్రంథి కంతుల కథ

చార్లెస్ బర్న్ అను ఐర్లండు దేశీయుడు దాదాపు 7 అడుగుల 7 అంగుళముల పొడవుండెడివాడు. లండనులో జనులు డబ్బిచ్చి అతనిని చూచెడివారు. చనిపోయిన పిదప తన దేహము వైద్యుల కత్తికి చిక్కరాదనియు, సముద్రములో వదలవలెననియు అతడు కోరెను. 1783లో, 22 ఏండ్లకే, అతడు మరణించగా జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు ఆ శవమును సంపాదించి అస్థిపంజరమును దాచెను. ఇది ఏమి న్యాయమో! 2023లో గాని హంటేరియన్ మ్యూజియము దానిని ప్రదర్శన నుండి తొలగింపలేదు.

1909లో అమెరికా వైద్యుడు హార్వే కుషింగ్ ఆ పుర్రెను పరీక్షింపగా, మెదడు అడుగున పీయూష గ్రంథి ఇమిడియుండు గుంట మిక్కిలి పెద్దదిగా కనిపించెను. బఠానీ గింజంత ఉండవలసిన గ్రంథిలో కంతి పెరిగి, పెరుగుదల హార్మోనును మితిమీరి స్రవించినది. 2011లో శాస్త్రజ్ఞులు అతని దంతముల నుండి డి.ఎన్.ఏ.ను తీసి, ఏ.ఐ.పి. అను జన్యువులో దోషమున్నట్లు కనుగొనిరి.

ఇట్టి పుట్టుక దోషము కొద్దిమంది రోగులలోనే ఉండును. హార్మోనులను అధికముగా స్రవింపని కంతులు మరియొక రకము. ఇవి చడీచప్పుడు లేక పెరిగి నేత్రనాడులను నొక్కును. రోగి చూపు మందగించును. వీనిలో జన్యువుల అక్షరములు తరచు సరిగానే యుండును. మరి కణములు హద్దు మీరుట ఎందువలన?

పుస్తకములో అక్షరములు చెడకున్నను పుటలు అంటుకొనిపోయినచో చదువలేము గదా! జన్యువు ఆరంభ భాగమున మిథైల్ సమూహములు అధికముగా చేరినపుడు జరుగునది ఇట్టిదే. అక్షరము మారకయే జన్యువు పని మారు తీరును పరిశీలించునది ఎపిజెనెటిక్స్. మెగ్-3 అను జన్యువు కణముల పెరుగుదలను అదుపు చేయును. ఆరోగ్యమైన గ్రంథిలో పనిచేయు ఈ జన్యువు ఈ కంతులలో మూగబోయినదని 2003లోను, మిథైల్ సమూహములు దానిని మూసివేసినవని 2005లోను బోస్టన్ పరిశోధకులు చూపిరి. ప్రయోగశాలలో పెంచిన మానవ కణములకు మిథైల్‌ను అడ్డు మందు నివ్వగా మెగ్-3 మరల పనిచేసెను.

అట్టి మందులలో ఒకటియైన అజాసైటిడిన్‌ను 1964లో ప్రాగ్ నగరమున తయారుచేసిరి. అప్పుడది కాన్సరు కణములను చంపు విషము మాత్రమే. అది మిథైల్ చేరికను ఆపునని 1980లో జోన్స్, టేలర్ చూపిరి. 2004లో అమెరికా దానిని ఒక మూలుగ వ్యాధికి ఆమోదించెను. పీయూష గ్రంథి కంతులకు మాత్రము అది ఇంకను చికిత్స కాలేదు. ఏ జన్యువును తెరవవలెనో మందునకు తెలియదు. మూసియుండవలసినవానిని సైతము తెరవవచ్చును. అందుచే, చూపు తగ్గుచున్న రోగికి నేటికిని ముక్కు గుండా చేయు శస్త్రచికిత్సయే ముఖ్యమార్గము.