కుక్కకీ సఫర్ తయారీ కావాలి

పోయిన ఎండాకాలం మా భాంజా తన కుక్కని తీసుకుని దోస్తులతో అనంతగిరి కొండలకి పోయాడు. వాడి బ్యాగులో టార్చి, తినే సామాన్, మూడు నీళ్ల బాటిళ్లు, అన్నీ ఉన్నాయి. కుక్కకి మాత్రం మెడపట్టీ, గొలుసు, అంతే. మధ్యాహ్నానికి బండల మీద నడిచి నడిచి దాని పాదాలు కాలి బొబ్బలెక్కాయి. పాపం, బేజుబాన్ జానవర్, ఏం చెప్పుకుంటుంది? ఇరవై కిలోల కుక్కని భుజాన వేసుకుని కొండ దిగాడు. ఇంటికొచ్చాక అమ్మీ అడిగిన మొదటి మాట: "దానికి నీళ్లు తాపినవా లేదా?"

అమ్మీ కుక్కని గడప దాటనివ్వదు. కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని మాకు చిన్నప్పుడు చెప్పింది ఆమే. ఆ సవాల్ అడిగిందీ ఆమే. దాని వెనక ఏ హదీస్ ఉందో మీకూ తెలుసు. దారిలో దప్పికైన ఒక మనిషి బావిలోకి దిగి నీళ్లు తాగి పైకొస్తాడు. దప్పికతో తడిమట్టి నాకుతున్న కుక్క కనిపిస్తుంది. మళ్లీ దిగి, తన మోజాలో నీళ్లు నింపి, పళ్లతో పట్టుకుని పైకెక్కి దానికి తాపుతాడు. ఆ పనికి అతనికి మగ్‌ఫిరత్ దొరికింది. అతని దగ్గర గిన్నె లేదు కాబట్టి మోజా వాడాడు. మావాడి దగ్గర మూడు బాటిళ్లున్నా కుక్క తాగడానికి ఒక చిప్ప కూడా లేదు.

అప్పుడు నాకు ఫిక్ర్ పట్టుకుంది. కుక్కలతో ఎడారులూ అడవులూ తిరిగిన మన పూర్వీకులు వాటిని సఫర్‌కి ఎలా తయారు చేసేవాళ్లు?

మొదట తర్బియత్. సూరహ్ మాయిదా నాలుగో ఆయత్‌లో నేర్పిన షికారీ జానవర్లు పట్టి తెచ్చింది హలాల్ అని ఉంది. 'నేర్పిన' అన్న మాట మీదే మన ఉలమా ఎంతో బహస్ చేశారు. వదిలితే పోవాలి, పిలిస్తే రావాలి, పట్టినదాన్ని తాను తినకూడదు. హనఫీ కితాబుల్లో అయితే మూడుసార్లు తినకుండా వదిలేస్తేనే దానికి తాలీమ్ అయినట్టు అన్న రాయ్ కూడా ఉంది. పిలిస్తే రాని కుక్కని కొండల్లోకి తీసుకుపోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అస్‌హాబె కహఫ్ వెంట గుహ దాకా పోయి, వాకిట్లో ముందుకాళ్లు చాపుకుని పడుకున్న కుక్క సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత పాదాలు. అరబ్ బద్దూలకి సలూకీ అంటే ప్రాణం. సన్నటి నడుము, పొడవాటి కాళ్లు, గాలిలా పరుగు. మామూలు కుక్క గుడారం బయట ఉంటే సలూకీకి లోపలికి ఇజాజత్ ఉండేది. షికార్‌కి పోయేటప్పుడు దాన్ని నడిపించేవాళ్లు కాదు, ఒంటె మీదో గుర్రం మీదో ఎక్కించుకునేవాళ్లు. జింక కనిపించాకే కిందికి దించేవాళ్లు. దీంట్లో పక్కా హిసాబ్ ఉంది: వేడి ఇసుకలో పాదాలు కాలవు, తాకత్ అసలు పరుగు కోసం మిగులుతుంది. ఇంకోటి వింటే మన ఇళ్లల్లో ఆడవాళ్లు నవ్వుతారు, ఆ పాదాలకి మెహందీ పెట్టేవాళ్లు. షోకు కొంత, చర్మం గట్టిపడుతుందన్న నమ్మకం కొంత.

సలూకీ లాంటి కుక్కల్నే ఫార్సీలో తాజీ అంటారు. మొగల్ దర్బారులోనూ అదే మాట. అక్బర్ కాలం నాటి ఆయినె అక్బరీలో అబుల్ ఫజల్ కుక్కల ఖర్చు కూడా వదల్లేదు. షాహీ కుక్కకి రోజుకి 2 సేర్ల మాంసం, మిగతావాటికి సేరున్నర, రెండు తాజీలకి ఒక నౌకరు. మంచి కుక్కలు కాబుల్ నుంచి, అందులోనూ హజారా ఇలాకా నుంచి వచ్చేవట.

జహంగీర్ బాద్షా ఇంకో అడుగు ముందుకేశాడు. 1615 నుంచి 1619 దాకా ఇక్కడున్న ఇంగ్లీషు రాయబారి థామస్ రో వెంట ఎడ్వర్డ్ టెర్రీ అనే పాద్రీ ఉండేవాడు. బాద్షాకి అందిన ఇంగ్లాండు మాస్టిఫ్ కుక్కల ఖిస్సా ఆయనే రాశాడు. ఒక్కో కుక్కకి నలుగురు నౌకర్లు. ఇద్దరు పాల్కీలో మోసేవాళ్లు, ఇద్దరు పక్కన నడుస్తూ ఈగలు తోలేవాళ్లు. బాద్షా స్వయంగా తినిపించడానికి వెండి చిమ్టా ఒకటి చేయించుకున్నాడు. చేతికి బదులు చిమ్టా ఎందుకో! నాకైతే నజాసత్ సంగతే గుర్తొచ్చింది.

మనకి పాల్కీ లేదు, ఒంటె లేదు. కాబట్టి భాంజాని కూర్చోబెట్టి చెప్పాను. బండ మీద అరచేతి వెనకభాగం అయిదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని నడిపించొద్దు. దానికి బూట్లు దొరుకుతాయి, కానీ ఇంట్లో కొన్ని రోజులు అలవాటు చేయాలి. వీపు మీద కట్టే సంచీ ముందు ఖాళీగా మొదలుపెట్టాలి. ఎంత బలమైన కుక్కకైనా దాని బరువులో పావు వంతు దాటకూడదు. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లకి అసలు బరువే వద్దు. రేబిస్ టీకా ముందే అయిపోవాలి, తిరిగొచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. మావాడు తల ఊపాడు. ఇప్పుడు ఫజర్ తర్వాత రోజూ దాన్ని మట్టిదారిలో నడిపిస్తున్నాడు, మొదట కిలోమీటరు, ఇప్పుడు నాలుగు.

చలికాలంలో మళ్లీ పోతారట. నీళ్ల గిన్నె అమ్మీయే ఇచ్చింది, తిరిగి వంటింట్లోకి తేవద్దన్న షర్తు మీద.