ఒక కొమ్ము ఎక్కువైన ఊరు

మా మేనకోడలి పెళ్లిపత్రికలో అచ్చుతప్పు పడింది. కమ్మర్‌పల్లి కాస్తా కుమ్మర్‌పల్లి అయి కూర్చుంది. మా బావ ప్రెస్సాయనతో గొడవకు దిగాడు. మళ్లీ కొట్టించేంత టైం లేదు. "ఒక కొమ్మే గదా బావా ఎక్కువ పడ్డది. పసుపు కొమ్ముల ఊరు మనది, ఓ కొమ్ము ఎక్కువుంటే తప్పేంది" అని నేనే సర్దిచెప్పాను. ఆ పెళ్లికే ఐరేని కుండలు తేవడానికి డప్పులతో కుమ్మరింటికి పోయినప్పుడు పత్రిక చేతికిస్తే, కాక దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, "ఇన్నేండ్లకు సరిగ్గ రాసిండ్రు" అన్నాడు.

కాక నాకు రక్తసంబంధం కాదు. చెరువు దిక్కు పోయే బాట మీద, వాడకట్టు చివర వాళ్లిల్లు. మా నాయన ఆయనను తమ్ముడా అని పిలిచేవాడు కాబట్టి నాకు కాక, ఆయన భార్య చిన్నమ్మ. ఇద్దరి పేర్లూ రాయను. "పేరెందుకు బిడ్డా, కుండ మీద పేరు రాసుకుంటమా?" అని చిన్నమ్మ ముందే కట్టడి చేసింది.

ఊరి పేరు వింటే గుర్తుకొచ్చేది కమ్మరే. బోధన్ నుంచి నిజామాబాదు, ఆర్మూరు మీదుగా మెట్‌పల్లి, జగిత్యాల పోయే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి నడుమ నుంచే పోతుంది. బస్సు దిగిన కొత్తవాళ్లు అడిగేది పసుపు పరిశోధన కేంద్రం ఎక్కడని. చరిత్ర మీద మోజున్నవాళ్లయితే కోనసముద్రానికి దారి అడుగుతారు. కోనసముద్రం మా మండలంలోదే. అక్కడ చేసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా పోయేవి. డమాస్కస్ కత్తులని పేరుమోసినవి ఇలాంటి ఉక్కుతోనే తయారయ్యాయి. తెల్లవాళ్లు దాన్ని 'వుట్జ్' అన్నారు, మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ల నోట్లో అట్లా తిరిగిందని పండితులు చాలామంది అంటారు.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయిసీ అనే డాక్టరు కోనసముద్రం కొలిమిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసింది మాత్రం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి ముచ్చట కూడా అందులో ఉంది. మళ్లీ 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ ఊర్లన్నీ తిరిగి ఇనుప చిట్టెం కుప్పలను లెక్కరాసుకున్నాయి. గిల్లియన్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్, మన ప్రాంతపు పరిశోధకుడు జైకిషన్ ఆ పనిలో ఉన్నారు. అంటే కమ్మరి కథ మా దగ్గర రాసినవాళ్లు లేక పోలేదు.

నాకు నచ్చనిది ఒకటే. ఆ ఉక్కు ఉడికింది కుండలో. రెండు ఊర్ల ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదుతూ కాల్చాలి. ఆ వేడికి మామూలు కుండయితే మెత్తబడి కుంగిపోతుంది. మూస కుంగొద్దు, పగలొద్దు. అందుకే దాని మట్టిలో వరి ఊక దండిగా కలిపేవాళ్లు. మట్టి కాలేటప్పుడు ఊకలోని ఇసుక గుణం, మసి అక్కడే నిలిచి గోడకు బలమిస్తాయని మూస పెంకులను ప్రయోగశాలలో చూసినవాళ్లు తేల్చారు. మూస నిలబడకపోతే ఉక్కు లేదు, కత్తి లేదు, ఇస్ఫహాన్ షావుకారూ లేడు. మా ఊరి ఘనత చెప్పేవాళ్లు కొలిమి దగ్గర గొంతు పెంచుతారు, మూస దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కలో దాటేస్తారు.

మట్టి పని కష్టం నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, చిన్నమ్మ వాకిట్లో. ఎండాకాలం చెరువు నెర్రెలు బాసిందంటే వాళ్లకు ఏడాది మొదలైనట్టు. తెచ్చిన మట్టిని ఆరబోసి, కట్టెతో గడ్డలు చితగ్గొట్టి, జల్లెడ పట్టి, గుంతలో నానేసి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కాలి. ఇదంతా చిన్నమ్మ పని. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గోడకు ఒక చెయ్యి ఆనించి, మడమతో మొదలుపెట్టి గుండ్రంగా తొక్కుకుంటూ పోతుంది. మధ్యలో ఆగి వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఏదో నలిపి బయట పారేస్తుంది. చాలా రోజులు నేను దాన్ని గులకరాయి అనుకున్నాను. అది సున్నపు పలుకు.

మా దిక్కు నల్లమట్టిలో ఈ పలుకులు ఉంటాయి, కొన్ని జొన్నగింజంత కూడా ఉండవు. తడిమట్టిలో కంటికి ఆనవు, వేలికీ అరికాలికీ తెలియాల్సిందే. ఒక్క పలుకు తప్పించుకుని కుండలో చేరిందనుకోండి, ఆములో కాలి సున్నమవుతుంది. కుండ ఎర్రగా, మంచిగానే బయటికొస్తుంది. నాలుగు రోజులకు గాలిలోని తేమ తాగి ఆ సున్నం ఉబ్బి, టప్పున పెచ్చు లేచిపోతుంది, నడుమ తెల్లటి చుక్క. కొన్నవాళ్లు ఆ కుండను తెచ్చి అరుగు మీద పెడితే కాక ఏమీ అనడు, చిన్నమ్మ దిక్కు చూస్తాడు. తప్పు ఎవరిదో ఆ చూపే చెబుతుంది. కుండ మంచిగొస్తే మాత్రం ఊరంతా కాక చేతి వాటాన్ని మెచ్చుకుంటుంది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. ఆ ఏడాదిలో కాక వంతు ఎంత, చిన్నమ్మ వంతు ఎంత అని నేను లెక్క తీయబోతే ఇద్దరూ నవ్వారు. సారె మీద ఒక కుండ లేవడానికి పట్టేది కాసేపే. కాక బొటనవేలు లోపలికి దించి గోడను పైకి లాగుతుంటే చూసేవాడికి అదే పని అంతా అనిపిస్తుంది. నిజానికి సారె దిగినప్పుడు కుండకు అడుగే ఉండదు. కొంచెం ఆరాక లోపల నున్నటి రాయి పట్టుకుని, బయట చెక్కతో కొడుతూ గోడను సాగదీసి అడుగు మూయాలి. ఇది ఇద్దరూ చేస్తారు. వాళ్లింటి ముందు నుంచి పోతుంటే కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కాక దెబ్బలు ఆగి ఆగి పడతాయి, చిన్నమ్మవి ఒకే తీరుగా, వాన చినుకుల్లా పడతాయి. సారె మీద మాత్రం ఆడది కూర్చోవద్దని ఆచారం. "ఎప్పుడన్న సారె తిప్పినవా చిన్నమ్మా?" అని అడిగాను. "తిప్పితే తిరగదా?" అంది. అంతకుమించి ఒక్క మాట రాబట్టలేకపోయాను.

ఇప్పుడు మోటారు సారె వచ్చింది. 2018 నుంచి ఖాదీ కమిషన్ దేశమంతా ఇట్లాంటివి పంచుతోంది, కాకకూ ఒకటి దొరికింది. కట్టెపెట్టి తిప్పే పాత సారె గోడకు ఒరిగి ఉంది. భుజం నొప్పి తగ్గిందంటాడు. కరెంటు పోయినప్పుడు మాత్రం పాతదాని దిక్కు ఒకసారి చూసి, బీడీ ముట్టించుకుంటాడు.

బీడీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. వానాకాలం కుండ ఆరదు, ఆము కాలదు. ఆ నాలుగు నెలలు ఇల్లు గడిచేది చిన్నమ్మ చేసే బీడీలతోనే. తునికాకు తడిపి, కత్తెరతో కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని, తంబాకు నింపి, చుట్టి, దారం కడుతుంది. నిజామాబాదు, జగిత్యాల దిక్కు చాలా ఇండ్లలో ఆడవాళ్ల బతుకు ఇదే. మట్టిలో సున్నపు పలుకు పట్టే వేళ్లే ఆకు ఈనెను పట్టి మడతేస్తాయి. సర్కారు పింఛన్లలో గీత కార్మికులకు, చేనేతకు, బీడీలు చేసేవాళ్లకు పద్దులున్నాయి, కుమ్మరికి వేరే పద్దు లేదు. చిన్నమ్మకు వచ్చేది బీడీ పింఛనే. పుట్టిన దగ్గర్నుంచి తొక్కిన మట్టికి గుర్తింపు లేదు, వానాకాలం చుట్టిన బీడీకి ఉంది. ఈ మాట నాది. ఆమె మాత్రం "ఏదో ఒకటి అస్తుంది గదా" అంటుంది.

కుండ ఒక్కసారే పోలేదు, ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ పోయింది. మొదట అల్యూమినియం, స్టీలు వచ్చి పొయ్యి మీది అటికెను దించేశాయి. తర్వాత ప్లాస్టిక్ బిందె వచ్చి పటువను తరిమింది. కల్లు లొట్టి కొన్నాళ్లు నిలబడింది, అదీ పల్చబడింది. ఫ్రిజ్ వచ్చాక రంజన్ మూలకు జరిగింది. ఇప్పుడు రోడ్డు పక్కన నల్లా బిగించిన రంజన్లు కుప్పలుగా కనిపిస్తాయి గానీ, అవి రాజస్థాన్ దిక్కు నుంచి వచ్చి గుడారాలేసుకున్నవాళ్లు అమ్మేవి. కొనేవాళ్లు నల్లా చూసి కొంటున్నారు. నీళ్లను చల్లబరిచేది నల్లా కాదు. సన్న రంధ్రాల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆరేటప్పుడు కుండ వేడిని తీసుకుపోతుంది. పైన రంగు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుంటాయి. చిన్నమ్మ ఈ మాట చెప్పి అమ్మబోతే, ఒకామె "రంగుంటేనే నీటుగుంటది" అని రంగుదే ఎత్తుకుపోయింది.

మిగిలింది పెళ్లి, పోచమ్మ బోనం, ఉగాది పచ్చడి, దీపావళి ప్రమిదలు, చివరికి చావు కుండ. ఆచారమే కుమ్మరిని బతికించిందని సభల్లో అంటుంటారు. నాకైతే ఆ లెక్క కుదరదు. నిజాం రోజుల్లో దొరకూ, ఊరికొచ్చిన అధికారికీ కుండలు ఉచితంగా ఇవ్వడమూ ఆచారమే, వెట్టి అన్నది దాని పేరు. పంటకింత అని గింజలు కొలిచే బలుతం పోయింది, ఆచారం మాత్రం నిలిచింది. పెళ్లికి కుండలిచ్చినందుకు బియ్యం, ఓ చీర, కొన్ని రూపాయలు. మా మేనకోడలి పెళ్లికి చిన్నమ్మ సున్నం పూసి, జాజుతో గీతలు, పసుపుతో చుక్కలు పెడుతుంటే పక్కనే కూర్చున్నాను. ఆఖరి కుండ మూతి చుట్టూ వేలు తిప్పుతూ ఒకచోట ఆగి, ఆ కుండను పక్కకు పెట్టి ఇంకొకటి తీసింది. ఏమైందంటే చెప్పలేదు. నేను చూశాను, వెంట్రుకంత గీర. డప్పులవాళ్లు తొందరపెడుతున్నారు, అయినా కొత్త కుండకు మళ్లీ మొదట్నుంచి సున్నం పూసింది.

ఆ మధ్య హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చి "మీ పాటరీ స్టూడియో చూడొచ్చా అంకుల్" అని అడిగింది. కాకకు స్టూడియో అంటే పాస్‌పోర్టు ఫొటోలు తీసే చోటు. గల్ఫ్‌కు పోయే మా ఊరి పిలగాండ్లంతా ముందు వెళ్లేది అక్కడికే, కాక కొడుకు కూడా అట్లాగే పోయాడు. ఆ అమ్మాయి వెళ్లాక నేను పుదుచ్చేరి సంగతి చెప్పాను. అమెరికా నుంచి వచ్చిన రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఆలుమగలు 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారని, ఎందరికో పని నేర్పారని, ఆయన మట్టితో ఇల్లే కట్టి, లోపల మంటపెట్టి, ఇంటిని మొత్తంగా కాల్చి చూశాడని చెప్పాను. "ఇల్లే ఆమా?" అని కాక చాలాసేపు ఆలోచించాడు. తర్వాత "వాన పడితెనో?" అన్నాడు.

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. ఒక వేసవి సాయంత్రం, ఆము పేర్చి, పిడకలు, కట్టెలు సర్ది, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి నిప్పు పెట్టిన రెండు గంటలకు గాలివాన వచ్చింది. నేనూ పరదా పట్టుకుని ఉరికాను. పరదా మంట మీద కప్పలేం గదా. చిన్నమ్మ తడుస్తూ నిలబడి లోపలి చప్పుళ్లు వింటోంది. ఒక్కో పగులుకు ఒక్కో చప్పుడు. "గది గోలెం" అంది ఒకసారి. తెల్లారి విప్పితే గోలెమే, రెండు ముక్కలు.

మట్టి కూడా మునుపట్లా లేదు. 2015 మార్చిలో మా పాత జిల్లాలోనే, సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. మా చెరువులోనూ పూడిక తీశారు. ట్రాక్టర్లు వరుసకట్టాయి, పసుపు చేన్లకు ఆ మట్టి బలం. రైతుగా నేనూ తోలించుకున్నాను. చిన్నమ్మ అడిగితే రెండు ట్రిప్పులు ఇంటిముందు పోశారు. పిడికిలి పట్టి నలిపి, "ఇది పైమట్టి. చేనుకు మంచిది, కుండకు కాదు" అంది. ఆమె కావాలన్నది మూల మీద, తుమ్మచెట్టు కింద, ఎప్పటినుంచో తవ్వుకుంటున్న జిగురుమట్టి. అది అప్పటికే ఎవరి చేన్లోనో కలిసిపోయింది. బహుశా నా దాంట్లోనే.

మొన్న కోనసముద్రం పోయినప్పుడు ఒక రైతు చేను గట్టు మీద పడున్న పెంకును ఏరి నా చేతిలో పెట్టాడు. అరచేయంత ఉంది, ఒకవైపు గాజులా నల్లగా మెరుస్తోంది. తెచ్చి చిన్నమ్మకు ఇచ్చాను, ఏమిటో చెప్పలేదు. మెరుపు దిక్కు చూడనే లేదు. విరిగిన అంచును వెలుతురుకు తిప్పి, గోటితో గీకి, సన్న సన్న సందులను చూపించింది.

"ఊక పోసిండ్రు. మస్తు పోసిండ్రు. ఒక్క పలుకు లేదు సూడు, మంచిగ తొక్కిండ్రు." కాసేపాగి, "ఇండ్ల ఏం వండిండ్రు?" అంది.

"ఉక్కు."

"కుండ ఎవలు చేసిండ్రట?"

వాయిసీ రాతల గురించి చెప్పబోయి ఆగిపోయాను. చిన్నమ్మ లేచి, అరుగు మీద ఒక దిక్కు ఒరుగుతున్న రంజన్ దగ్గరికి పోయి, దాని అడుగున ఆ పెంకును దోపింది. చేత్తో ఊపి చూసింది. కదల్లేదు. ముంతతో నీళ్లు ముంచి నాకిచ్చింది.