ఒరలేని కత్తులు

‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అన్న సామెతను మనం పదవుల గురించి వాడుతాం, పంతాల గురించి వాడుతాం. నిజంగా కత్తుల గురించి ఎవరైనా వాడగా నేను వినలేదు. నేటి వంటింట్లో కత్తులు రెండు కాదు, నాలుగైదు ఉంటాయి. వాటిలో ఒక్కదానికీ ఒర ఉండదు. చెంచాల మధ్యనో, సొరుగులోనో పడి ఉంటాయి. గరిటె కోసం పెట్టిన చెయ్యి కత్తి అంచుకు తగులుతుంది. మన పూర్వుల వంటింటికి ఈ బాధ ఇంతగా ఎందుకు లేదు, మనకెలా వచ్చింది అని ఆలోచిస్తూ పోగా తేలిన సంగతులివి.

కత్తిని దాచుకొనే ఏర్పాటు చాలా పాతది. 1991 సెప్టెంబరులో ఇటలీ, ఆస్ట్రియా దేశాల సరిహద్దున, ఆల్ప్స్ పర్వతాలలో సుమారు 3,200 మీటర్ల ఎత్తున, మంచులో ఒక మనిషి దేహం బయటపడింది. ఓట్సీ అని పేరుపెట్టిన ఆ మనిషి సుమారు 5,300 ఏళ్ళ నాటివాడని పరీక్షలలో తేలింది. అతని వద్ద చెకుముకిరాతి అలుగు, కర్ర పిడి ఉన్న చిన్న కత్తి ఒకటి దొరికింది. దానికొక ఒర కూడా ఉంది. చెట్టు నారతో అల్లిన ఒర అది. ఇనుమన్నది వాడుకలోకి రాకముందే, దొరికిన నారతో, కత్తి కొలతకు సరిపడేలా అల్లుకొన్న వస్తువు. ఇంట్లో చేసుకొన్న కత్తిఒరకు అంతకంటె మంచి పూర్వోదాహరణ నాకు కనబడలేదు.

మధ్యయుగాల ఐరోపాలో విందుకు వెళ్ళే అతిథి తన కత్తి తానే తీసుకొని వెళ్ళేవాడు. అది నడుము పట్టీకి, తోలు ఒరలో వేలాడేది. లండనులో థేమ్సు నది ఒడ్డున జరిపిన తవ్వకాలలో అటువంటి తోలు ఒరలు ఎన్నో బయటపడ్డాయి. తరువాతి కాలంలో అతిథేయులే కత్తులు సమకూర్చడం మొదలయ్యాక ఒర నడుము వదలి బల్ల మీదికి చేరింది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల భోజనశాలలలో నగిషీ చెక్క పెట్టెలు జంటలుగా ఉండేవి. వాటి లోపల ఒక్కొక్క కత్తికి ఒక్కొక్క రంధ్రం. జార్జ్ హెపుల్‌వైట్ మరణానంతరం 1788లో వెలువడిన వడ్రంగపు నమూనాల గ్రంథంలో ఇటువంటి పెట్టెల చిత్రాలు ఉన్నాయి. అయితే ఆ భద్రత భోజనశాల కత్తులకు. వంటచేసేవారి కత్తులకు అంత మర్యాద దక్కలేదు.

మన దారి వేరు. మనవాళ్ళు కత్తికి ఒర చేయలేదు, కత్తినే పీటకు బిగించారు. కత్తిపీటలో అలుగు కదలదు. పీటను పాదంతో అదిమి కూర్చొంటే, రెండు చేతులా పట్టుకొన్న వంకాయో గుమ్మడిముక్కో అలుగు మీదికి వెళుతుంది. తమిళుల అరువామణై, కన్నడిగుల ఈళిగె మణె, మరాఠీల విళీ, బెంగాలీల బోటి, అన్నీ ఈ కుటుంబానివే. కొన్నింటికి అలుగు కొసన కొబ్బరి తురుముకొనే పళ్ళు కూడా ఉంటాయి.

ఈ పనిముట్టుకు పీటే ఇల్లు. మడత కత్తిపీట అయితే పని కాగానే అలుగు పీట మీదికి వాలిపోతుంది. మడత లేనిదాన్ని కడిగి, తుడిచి, అలుగును గోడవైపు తిప్పి, పక్కకు పడుకోబెట్టాలి. నిలబెట్టి వదిలేస్తే పెద్దవాళ్ళు ఊరుకొనేవారు కారు. పాకే పిల్లలు తిరిగే నేల మీదనే వంట జరిగే రోజులలో ఆ మందలింపు వెనుక ఎంత అనుభవం ఉందో ఊహించుకోవచ్చు. ఆ నియమం ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకొన్నది కాదు. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి చెయ్యి మారుతూ వచ్చింది.

వంటింటి బయటి కత్తులకు కూడా చోటు ఉండేది. పూరింటి చూరులో కొడవలి దోపేవారు. పిల్లల చేతికి అందదు, పెద్దల చేతికి వెతుకులాట లేకుండా దొరుకుతుంది. మంగలికత్తికి పొది ఉంది. అమ్ములకు, కత్తులకు ఒకే మాట వాడిన భాష మనది.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? వంట నేల మీది నుంచి గట్టు మీదికి ఎక్కినప్పుడు. ఇండేన్ గ్యాసు 1965లో కలకత్తాలో మొదలై క్రమంగా ఊరూరికీ చేరింది. గ్యాసు పొయ్యికి గట్టు కావాలి. గట్టు ముందు నిలబడి వండే మనిషి కూర కోసం మళ్ళీ నేల మీద చతికిలబడదు. దానితో చేతికత్తి, కోసే పలక వచ్చాయి. మరోవైపు, 1913లో షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కు కత్తిని నిర్లక్ష్యంగా వదిలేసే వీలు కల్పించింది. అంతకు ముందు ఇంగ్లండులో భోజనపు కత్తులను ఇటుకపొడితో రుద్ది, ఆరబెట్టి దాచవలసి వచ్చేది. తడి కత్తిని ఎక్కడ పడేసినా చెడదన్న ధీమా వచ్చాక, దానికొక చోటుండాలన్న పట్టింపు సడలింది. కత్తి పీటను వదిలి వచ్చింది, పీట చేసిన పనిని మాత్రం ఎవరూ అందుకోలేదు.

ఆ పని మనం చేసుకోవచ్చు. నేను తలుపు చట్రంలో మిగిలిన టేకుముక్కలతో చేసుకొన్నాను. సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న రెండు పలకలను చిత్రిక పట్టి, వాటి మధ్య 3 మిల్లీమీటర్ల మందమున్న సన్నని పట్టీలను నిలువుగా పెట్టి మరలతో బిగించాను. ఇంటి కత్తుల అలుగు సాధారణంగా 2 మిల్లీమీటర్లకు మించదు కనుక ఆ సందు చాలు. పట్టీల మధ్య ఎడం ఒక్కొక్క కత్తి వెడల్పును బట్టి ఉంటుంది. అడుగు మూయలేదు, నీరు కిందికి జారిపోవాలి. కత్తి కొస బయటికి రాకుండా పలకల పొడవు మాత్రం పెద్ద కత్తి అలుగు కంటె ఎక్కువ ఉండాలి. జిగురు వాడకపోవడానికి కారణం, నెలకొకసారి మరలు విప్పి లోపల తుడవవచ్చు. గోడకు బిగించేటప్పుడు పిల్లలకు అందని ఎత్తు చూసుకోవాలి. జపానువాళ్ళు కత్తుల ఒరలకు మెత్తని మాగ్నోలియా చెక్కను ఎంచుకొంటారు, అంచు మొద్దుబారకూడదని. మనకు ఆ చెక్క దొరకదు కాని, అంచు చెక్కకు రాసుకోకుండా కత్తిని వెన్ను ఆనేలా దోపితే చాలు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు, నూర్జహానుల బాకులను అద్దాల వెనుక భద్రపరిచారు. చూడదగినవే. కాని ఒక జీవితకాలంలో ఆ బాకులు కోసినదానికంటె మన ఇళ్ళలోని కత్తిపీటలు కోసింది ఎక్కువ. వాటిని వాడిన స్త్రీల పేర్లు ఏ పలక మీదా ఉండవు. అలుగును గోడవైపు తిప్పి పెట్టాలన్న వాళ్ళ మాట ఒక్కటే మనకు మిగిలింది. మూడు మిల్లీమీటర్ల సందులో కత్తిని దోపిన ప్రతిసారీ మనం పాటిస్తున్నది ఆ మాటనే.