ఒకే మిషన్ ముందు అమ్మా, కూతురూ

ఈ ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయీ నేనూ కలిసి కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టాం. అది ఎనిమిదో తరగతి పూర్తిచేసింది. నాకు నలభై నాలుగు. అత్తగారి పాత కుట్టుమిషన్ దుమ్ము దులిపి, నూనె వేసి వరండాలో పెట్టుకున్నాం.

మొదటి రోజు దిండు గలీబు కుడితే గుడ్డ కింద దారమంతా ఉండలు కట్టింది. నేను బాబిన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే, అది వంగి చూసి "అమ్మా, పై దారం ఆ రెండు బిళ్ళల మధ్యకి పోలేదు" అంది. సరిచేస్తే కుట్టు తిన్నగా పడింది. ఎదురింటి పెద్దమ్మ చూసి, "పిల్లకి నేర్పాల్సిన వయసులో నువ్వు నేర్చుకుంటున్నావా అమ్మాయ్!" అని నవ్వింది. సరదాకే అంది. కానీ రాత్రిదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే మా అమ్మ కూడా ఆ మాటకే భయపడింది. ముప్పై అయిదేళ్ళప్పుడు కుట్టు నేర్చుకోవాలని ఆశపడి, చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి మానేసింది. తర్వాత ఎన్నో ఏళ్ళు మంటెక్కిన చేతులతో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది.

పెద్దమ్మకి చెప్పాలనుకున్న జవాబు నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో దొరికింది. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకున్నారు. ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడవాళ్ళకి హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. అక్కడ కూతురి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళలో ఆమె తల్లి కూడా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి వచ్చాక, ఇరవై దాటిన వయసులో దుర్గాబాయి మెట్రిక్ రాశారు. ఆ తర్వాత లాయరు కూడా అయ్యారు.

మద్రాసులో ఆమె ఇరుగుపొరుగు పిల్లల కోసం ఒక చిన్న బృందం నడిపారు. పిల్లల వెనకే తల్లులూ వచ్చారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకి మూలం అదే. మధ్యలో చదువాగినవాళ్ళని అక్కడ పరీక్షలకి తయారుచేసేవారు, కుట్టుపని, చేతిపనులు నేర్పేవారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆవిడే తొలి అధ్యక్షురాలు. పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సులని ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది.

మన గుంటూరులోనూ ఇలాంటి ఆలోచన అంతకుముందే ఉంది. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, భార్య లక్ష్మీబాయమ్మ గారు ఆడపిల్లల చదువు కోసం 1922లో శారదా నికేతనం స్థాపించారు. చదువుతోపాటు బతుకుతెరువు కూడా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల.

బతుకుతెరువు అనగానే కుట్టుపని ఎందుకు ముందుకొచ్చింది? ఒక మిషన్ ఉంటే చాలు, ఇల్లు కదలక్కర్లేదు. పిల్ల నిద్రపోయాక నాలుగు జాకెట్లు కుట్టుకోవచ్చు. యంత్రాలంటే అంతగా పడని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషన్‌ని మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకునే కష్టం చూడలేక సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మకం. కష్టం తగ్గించే యంత్రం మంచిదేనన్నది ఆయన ఉద్దేశం.

ఇవన్నీ చదివాక నాకు ఒకటి అర్థమైంది. మన ముందుతరం ఆడవాళ్ళు నేర్చుకోవడానికి వయసు చూసుకోలేదు. కూతురు తల్లికి నేర్పడం, పిల్లల కోసం పెట్టిన చోటికి తల్లులు రావడం మనకి కొత్తేమీ కాదు. సిగ్గే మధ్యలో వచ్చి కూర్చుంది.

మూడు వారాలయింది. మా అమ్మాయి తన లంగా కుట్టుకుంది, అంచు కొంచెం వంకరే. నా జాకెట్ చంక దగ్గర రెండుసార్లు ఊడదీశాను. నిన్న అమ్మకి ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మిషన్ తొక్కడం నావల్ల కాదుగానీ, హుక్కులు నేను కుడతా. దాచి ఉంచండి" అంది.

హుక్కులు అలాగే ఉంచాం. వచ్చే ఆదివారం అమ్మ వస్తోంది.