మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత బస్సు రవాణా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు ఆంధ్ర ప్రదేశ్ నైరుతి మూలన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉన్న పీఠభూమిపై ఉన్నవి. ఈ మూడింటిని కలిపే ప్రజా రవాణా సాధనం బస్సు ఒక్కటే. ఆంధ్ర ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు (ఆర్టీసీ) మదనపల్లెలో రెండు, పుంగనూరు, కుప్పంలలో ఒక్కొక్క డిపో ఉన్నవి.

రైలు లేని లోటు

ఇక్కడ బస్సుకు గల ప్రాధాన్యం రైలు మార్గాలను చూస్తే బోధపడుతుంది. పాకాల - ధర్మవరం మార్గంలోని "మదనపల్లె రోడ్" స్టేషను పేరుకు మాత్రమే మదనపల్లెది, అది పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో చిన్నతిప్పసముద్రం (సి.టి.ఎం.) వద్ద ఉంది. రైలు దిగినవారు మరల బస్సో ఆటోనో ఎక్కవలసిందే. పుంగనూరుకు రైలు మార్గమే లేదు. కుప్పం స్టేషను చెన్నై - బెంగుళూరు ప్రధాన మార్గంలో ఉన్నందున ఆ రెండు నగరాలకు ప్రయాణం సులభం. కాని తమ జిల్లా కేంద్రమైన చిత్తూరుకు రైలులో పోదలచినవారు తమిళనాడులో ప్రవేశించి, జోలార్‌పేట, కాట్పాడి మీదుగా చుట్టు తిరిగి రావాలి. అందుచేత కచేరీ పనులకు, ఆసుపత్రులకు, కళాశాలలకు బస్సే ఆధారం.

చరిత్ర

ఆర్టీసీకి మూలం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన నిజాం ప్రభుత్వ రవాణా విభాగం. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది కనుక ఆ విభాగంతో దీనికి సంబంధం లేదు; ఇక్కడ ప్రైవేటు యజమానుల బస్సులే నడిచేవి. 1958 జనవరి 11న ఆంధ్ర ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత, మార్గాల జాతీయీకరణ దశలవారీగా జరిగి సంస్థ బస్సులు రాయలసీమకు విస్తరించాయి. 2020 జనవరి 1 నుండి సంస్థ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమయ్యారు.

ముఖ్య మార్గాలు

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోయే 42వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి వెన్నెముక వంటిది. పలమనేరు వద్ద చిత్తూరు - బెంగుళూరు రహదారి దీనిని దాటుతుంది. చిత్తూరు వెళ్ళే బస్సులు అక్కడినుండి మొగిలి కనుమ దిగుతాయి. మదనపల్లె నుండి తిరుపతి వెళ్ళేవి పీలేరు మీదుగా భాకరాపేట కనుమ దిగుతాయి. పీఠభూమి నుండి తూర్పు మైదానానికి ఏ బస్సైనా ఏదో ఒక కనుమ దిగక తప్పదు. మదనపల్లె - బెంగుళూరు బస్సులు చింతామణి, హోస్కోట మీదుగా పోతాయి. ఈ మార్గంలో కర్ణాటక సంస్థ బస్సులు కూడా ఉన్నవి. హార్సిలీ హిల్స్‌కు వెళ్ళే యాత్రికులకు మదనపల్లెయే బస్సు కూడలి.

జిల్లాల మార్పు ప్రయాణ దిశను కూడా మార్చింది. 2022 ఏప్రిల్ 4న మదనపల్లె, రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరింది. అంతవరకు కలెక్టరు కార్యాలయం పనికి చిత్తూరు బస్సు ఎక్కినవారు రాయచోటి బస్సు ఎక్కవలసి వచ్చింది. 2025 చివర జిల్లా కేంద్రం మదనపల్లెకే మారింది.

ఉచిత ప్రయాణం, సరిహద్దు

2025 ఆగస్టు 15న మొదలైన "స్త్రీ శక్తి" పథకం కింద రాష్ట్ర మహిళలు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు. రాష్ట్రం నడుమనున్న ఊళ్ళకు ఈ నిబంధన పెద్ద లెక్కలోనిది కాదు. కాని కూలికి, వైద్యానికి, వ్యాపారానికి సరిహద్దు దాటే కుప్పం, మదనపల్లె ప్రాంత స్త్రీలకు పథకం అక్కరకు వచ్చేది సగం అవసరాలకే అనవచ్చు.

విద్యుత్ బస్సులు

పైనున్న రెండు తీగల నుండి విద్యుత్తు తీసుకొని నడిచే ట్రాలీ బస్సులు ఆంధ్ర ప్రదేశ్‌లో లేవు. భారతదేశంలో ఢిల్లీలో 1935 నుండి 1962 వరకు, బొంబాయిలో 1962 నుండి 1971 వరకు అవి నడిచాయి. ఉత్తర ఆఫ్రికాలో మొరాకో దేశపు చారిత్రక నగరం మరాకేష్ 2017లో వీటిని కొత్త రూపంలో ప్రవేశపెట్టింది. అక్కడి బస్సులు కొంత దూరం తీగల ఆధారంగాను, మిగిలిన దూరం బ్యాటరీతోను నడుస్తాయి.

మదనపల్లెకు వచ్చినవి తీగలు అక్కరలేని బ్యాటరీ బస్సులు. 2022 సెప్టెంబరులో తిరుపతిలో ప్రారంభమైన 100 విద్యుత్ బస్సుల పథకంలో 50 తిరుమల కొండకు, 12 తిరుపతి - మదనపల్లె మార్గానికి కేటాయించబడ్డాయి. కనుమ దారులకు ఇవి అనుకూలమైనవి. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా పనిచేసి వేగాన్ని తగ్గిస్తూ, కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం ఖర్చు ఎక్కువ.