యుద్ధానికి గింజలు మోసినవాళ్ళు

యుద్ధాల గురించి చదివినప్పుడు మనకి రాజులు, కోటలు, తేదీలు గుర్తుంటాయి. అన్ని వేలమంది రోజూ ఏం తిన్నారు, ఆ గింజలు ఎవరు మోసుకొచ్చారు అని మాత్రం అడగం. 1791 మే నెలలో కార్న్‌వాలిస్‌కి ఈ ప్రశ్న తప్పించుకోలేని విధంగా ఎదురైంది.

అప్పటికి ఆయన టిప్పు రాజధాని శ్రీరంగపట్నం దాకా వచ్చేశాడు. అరికెర దగ్గర పోరు గెలిచాడు కూడా. కానీ మేత లేక ఎద్దులు కుప్పకూలాయి, తిండి నిండుకుంది. కోట గోడలు కూల్చడానికి ఈడ్చుకొచ్చిన పెద్ద ఫిరంగుల్ని తనే పాడుచేయించి బెంగళూరు వైపు మళ్ళాడు. గెలిచినవాణ్ణి ఆకలి వెనక్కి పంపింది.

1792 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చినప్పుడు కథ వేరు. ఈలోగా నందిదుర్గం, సావనదుర్గం లాంటి కొండకోటలు పట్టుకుని దారి భద్రం చేసుకున్నాడు. దాంతోపాటు బంజారాల ఎద్దులు గింజలతో వచ్చాయి. మనం లంబాడీలు, సుగాలీలు అనేది వాళ్ళనే.

వీళ్ళు సైన్యంలో జీతగాళ్ళు కాదు, వ్యాపారులు. చవకగా దొరికిన చోట ధాన్యం కొని, సైన్యం విడిది చేసిన చోట బజారులో అమ్మేవాళ్ళు. బండికి బాట కావాలి. వీపుకి రెండువైపులా సంచులు వేలాడే ఎద్దుకి అక్కర్లేదు. అది మేసుకుంటూ నడుస్తుంది. 17వ శతాబ్దంలో గోల్కొండకి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, ఒకే గుంపులో పది పన్నెండు వేల ఎద్దుల్ని చూడొచ్చని రాశాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే, అన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట! మొఘలులకీ, ఆ తర్వాత కంపెనీకీ ధాన్యం చేర్చింది ఈ తండాలే.

అయితే ఒకళ్ళ దయమీద యుద్ధం నడపడం ఏ ప్రభుత్వానికీ నచ్చదు. 1799లో టిప్పు పడిపోయాక, మైసూరు వాళ్ళ అమృతమహల్ పశువులు కంపెనీ చేతికొచ్చాయి. 19వ శతాబ్దంలో కమిసరియట్ శాఖలు స్థిరపడ్డాయి. రైళ్ళొచ్చాయి. 1923 నాటికి ఆ పనికి ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అనే పేరు కూడా వచ్చింది. తండా చేసే పని ఇప్పుడు ఒక ఆఫీసు, ఒక హోదా, ఒక ఫైలు.

మరి తండా ఏమైంది? బేరం పోయింది. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. తర్వాత్తర్వాత కొన్ని ప్రాంతాల్లో లంబాడీలనీ ఆ జాబితాలో చేర్చారు. ఎవరినీ అడక్కుండా అడవులు, కొండలు దాటిపోగలగడం ఒకప్పుడు సైన్యాలు డబ్బిచ్చి కొనుక్కున్న నేర్పు. అదే తిరుగుడు ఇప్పుడు అనుమానించాల్సిన గుణమైపోయింది. నేర్పు మారలేదు, దాని అవసరం తీరిపోయిందంతే. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు.

తండా అంటే ఒకప్పుడు కదిలే బిడారు. ఇవాళ తెలంగాణలో తండా అంటే ఊరు. 2018 చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలు కూడా అయ్యాయి. ఈసారి శ్రీరంగపట్నం ముట్టడి గురించి ఎక్కడైనా చదివితే, ఫిరంగుల వెనకాల నడిచిన ఆ ఎద్దుల్ని కూడా కాస్త వెతకండి.